సదరన్ రాక్ మళ్లీ లేస్తుందా, అసలు ఎప్పుడైనా పడిపోయిందా?

రికార్డుల పెట్టె (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. 2023 మార్చి 5న గిటారు వాద్యకారుడు గ్యారీ రాసింగ్టన్ మరణంతో, అమెరికా దక్షిణాది రాష్ట్రాల రాక్ సంగీతమైన సదరన్ రాక్‌లో పేరుపొందిన లినర్డ్ స్కినర్డ్ బృందాన్ని మొదలుపెట్టిన వారిలో చివరి మనిషి కూడా వెళ్లిపోయారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 18న, ఈ సంగీతంలోని మరో పెద్ద బృందం ఆల్మన్ బ్రదర్స్ గిటారిస్టు డికీ బెట్స్ కన్నుమూశారు. 1969లో ఆల్మన్ బ్రదర్స్ బృందంగా కూడిన ఆరుగురిలో మిగిలినది డ్రమ్మర్ జేమో ఒక్కరే. ఈ సంగీతాన్ని పుట్టించిన తరం దాదాపుగా నిష్క్రమించిన ఈ సమయంలో, సదరన్ రాక్ ఇక పాత రికార్డుల్లో మాత్రమే ఉంటుందా, లేక దానికి కొత్త ఊపిరి పోసేవారు నిజంగా ఉన్నారా అన్న విషయంపై మన వేదికలో నిదానంగా చర్చించుకోవాలని ఈ శీర్షిక ప్రారంభిస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ సంగీతం మనల్ని పట్టి ఉంచడానికి కారణం అందులోని కలిసి వాయించే పద్ధతి అని నేను నమ్ముతున్నాను. 1971 మార్చిలో న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ హాలులో ఆల్మన్ బ్రదర్స్ చేసిన కచేరీల రికార్డునే తీసుకోండి. రెండు ఎల్పీలు, నాలుగు వైపులు, మొత్తం కలిపి ఏడే పాటలు. చివరి పాట ‘విప్పింగ్ పోస్ట్’ ఒక్కటే దాదాపు 23 నిమిషాల పాటు ఒక వైపంతా ఆక్రమించింది. డ్వేన్ ఆల్మన్, డికీ బెట్స్ ఇద్దరూ గిటారు మీద ఒకే పదాన్ని రెండు వేర్వేరు స్థాయిల్లో జంటగా పలికించి, ఆ వెంటనే విడిపోయి, ఒకరు ముందుకు నడుస్తుంటే మరొకరు వెనక్కి తగ్గి తాళం పట్టడం అందులో స్పష్టంగా వినిపిస్తుంది. ఎవరూ ఎవరినీ మింగివేయాలని చూడరు. ఆరుగురు మనుషులు ఒకరినొకరు ఇంత శ్రద్ధగా వింటూ వాయించిన రాక్ రికార్డు నాకు మరొకటి తెలియదు. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 2004లో ఆ రికార్డును తన జాతీయ ధ్వని భాండాగారానికి ఎంపిక చేయడం పూర్తిగా సబబైన నిర్ణయం.

ఆ పద్ధతి బతికి ఉన్నంత కాలం ఈ సంగీతం బతికి ఉన్నట్లేనని నేను అనుకుంటున్నాను. మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.

---

పెరటి వేప (ఆల్ఫరెట్టా, జార్జియా)

రికార్డుల పెట్టె గారూ, మంచి చర్చ ప్రారంభించారు. అట్లాంటా ఉత్తర శివార్లలో మన తెలుగువారు వేల సంఖ్యలో స్థిరపడినా, ఇక్కడి నుంచి రెండు గంటల లోపు ప్రయాణంలో ఉన్న మేకన్ పట్టణానికి సంగీతం కోసం వెళ్లేవారు నాకు అరుదుగా కనిపించారు. అందువల్ల ఆ ఊరి సంగతి కొంత విస్తారంగా రాస్తాను. ఈ సంగీతం ఎందుకు నిలిచిందో తెలియాలంటే అది ఏ నేల నుంచి వచ్చిందో తెలియాలి కదా.

మేకన్ అంటే మొదట లిటిల్ రిచర్డ్ పుట్టిన ఊరు, ఆ తర్వాత ఓటిస్ రెడ్డింగ్ పెరిగిన ఊరు. ఫిల్ వాల్డెన్ అనే తెల్లజాతి యువకుడు ఓటిస్ రెడ్డింగ్‌కు మేనేజరుగా ఉంటూ నల్లజాతి సోల్ గాయకుల వ్యవహారాలు చూసేవాడు. 1967 డిసెంబరు 10న విమాన ప్రమాదంలో ఓటిస్ మరణించడంతో వాల్డెన్ బాగా కుంగిపోయాడు. ఆ శూన్యంలోనే, అలబామా రాష్ట్రంలోని మజిల్ షోల్స్ దగ్గర ఫేమ్ స్టూడియోలో సోల్ గాయకుల పాటలకు గిటారు వాయిస్తున్న డ్వేన్ ఆల్మన్ అతని దృష్టిలో పడ్డాడు. 1968లో విల్సన్ పికెట్ పాడిన ఒక బీటిల్స్ పాట చివర డ్వేన్ వాయించిన గిటారే అందరి చెవులూ నిక్కబొడుచుకునేలా చేసింది. వాల్డెన్ 1969లో తన తమ్ముడితోను, ఫ్రాంక్ ఫెంటర్‌తోను కలిసి కాప్రికార్న్ రికార్డ్స్ స్థాపించాడు. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో కూడిన ఆల్మన్ బ్రదర్స్ బృందం మకాం మేకన్‌కు మారింది. డ్రమ్మర్ జేమో అంతకు ముందు ఓటిస్ రెడ్డింగ్ బృందంలో వాయించినవాడే. కాబట్టి సదరన్ రాక్ అనేది సోల్ సంగీతపు ఇంట్లోనే, ఆ ఇంటి మనుషుల చేతుల మీదుగానే పెరిగింది. ఈ ఒక్క విషయం మరిచిపోతే తర్వాత జరిగిన చరిత్ర ఏదీ సరిగా అర్థం కాదు.

చేతిలో డబ్బు లేని ఆ తొలి రోజుల్లో ఈ కుర్రాళ్లు హెచ్ అండ్ హెచ్ అనే భోజనశాలకు వెళ్లేవారు. దానిని నడిపినవారు ఇద్దరు నల్లజాతి మహిళలు. వారిలో లూయీజ్ హడ్సన్ గారిని ఊరంతా ‘మామా లూయీజ్’ అని పిలిచేది. ఒకటి రెండు పళ్లేలు తెప్పించుకుని అందరూ పంచుకుని తింటున్న ఈ పొడవు జుట్టు కుర్రాళ్లను చూసి, ఆవిడ అందరికీ తలా ఒక పళ్లెం పెట్టించింది. డబ్బు వచ్చాక వాళ్లు ఆ బాకీ తీర్చారు, ఆవిడను తమ కచేరీ యాత్రకు కూడా వెంట తీసుకువెళ్లారు. నల్లవారూ తెల్లవారూ కలిసి ఉన్న బృందం ఒకే బల్ల దగ్గర కూర్చోవడమే కొందరికి కంటగింపుగా ఉన్న 1969 నాటి జార్జియాలో ఇది జరిగిందని గుర్తుంచుకోవాలి.

కాప్రికార్న్ సంస్థ 1979లో దివాలా తీసింది. దాని స్టూడియో భవనం ఏళ్ల తరబడి పాడుబడి ఉండగా, స్థానిక మెర్సర్ విశ్వవిద్యాలయం పూనుకొని 2019 డిసెంబరులో దానిని మళ్లీ తెరిచింది. ఇప్పుడు అక్కడ ప్రదర్శనశాలతో పాటు కొత్త బృందాలు సాధన చేసుకునే గదులు కూడా ఉన్నాయి. కొత్తవాళ్లకు చోటు ఇచ్చారన్నది నాకు ప్రదర్శనశాల కంటే ఎక్కువ సంతోషం కలిగించింది.

---

మణితాళం (తిరుపతి)

నేను మృదంగం నేర్చుకున్నవాడిని, రాక్ సంగీతంతో పరిచయం తక్కువ. అయితే పెట్టె గారు చెప్పిన ఆ 23 నిమిషాల పాటను మా అబ్బాయి వినిపించినప్పటి నుంచి దాని ఎత్తుగడ నన్ను వదలలేదు, కనుక ఆ లెక్క ఒక్కటి ఇక్కడ చెబుతాను.

మొదట బేస్ గిటారు ఒక్కటే ఒక పదం ఎత్తుకుంటుంది. లెక్కపెట్టి చూస్తే అది ‘తకిట తకిట తకిట తక’, అంటే మూడు మూడ్ల తర్వాత ఒక రెండు, మొత్తం పదకొండు. మన సప్త తాళాలలో ధ్రువ తాళాన్ని తిస్ర జాతిలో వేస్తే లఘువు, ద్రుతం, లఘువు, లఘువు, అంటే మూడు, రెండు, మూడు, మూడు అవుతుంది. అదీ పదకొండే. ఎత్తుగడ చోటు మార్చి చూస్తే రెండూ ఒకే ఆవర్తం. చివర వచ్చే ఆ రెండు అక్షరాల దగ్గర కాలు తడబడినట్లు అనిపించి, అంతలోనే సమం మీద గట్టిగా పడుతుంది. గాయకుడు నోరు తెరవగానే ఆ చిక్కు విడిపోయి నడక సాఫీగా తిస్రంలోకి వచ్చేస్తుంది. బాధను చెప్పే పాటకు ఇంతకంటే తగిన ఎత్తుగడ ఏముంటుంది? దీనిని రాసిన గ్రెగ్ ఆల్మన్‌కు తాను పదకొండు లెక్కలో కట్టానన్న సంగతే తెలియదట, అన్న డ్వేన్ చెబితే తెలిసిందట. అర్ధరాత్రి పాట తట్టినప్పుడు కాగితం దొరకక, ఇస్త్రీ బల్ల మీది గుడ్డపై కాల్చిన అగ్గిపుల్లల మసితో రాసుకున్నానని కూడా ఆయనే చెప్పుకున్నారు.

రెండు డ్రమ్ముల సంగతి కూడా ఒక మాట. బుచ్ ట్రక్స్ కాలప్రమాణాన్ని బండి ఇరుసులా పట్టుకొని ఉంటే, జాజ్ బాగా విన్న జేమో దాని చుట్టూ సందుల్లో వాయిస్తూ పోతారు. ఇద్దరు లయ వాద్యకారులు ఒకే వేదిక మీద ఒకరి దారికి ఒకరు అడ్డం రాకుండా వాయించడం ఎంత కష్టమో మా రంగంలో ఉన్నవారికి వేరే చెప్పనవసరం లేదు.

---

ఉత్తరపు గాలి (షార్లెట్, నార్త్ కరోలినా)

ఇంతవరకు రాసినవన్నీ ఇష్టంగా చదివాను. అయితే ఎవరూ ప్రస్తావించని ఒక విషయం ఉంది. దానిని పక్కన పెట్టి ఈ సంగీతపు పునరుజ్జీవనం గురించి మాట్లాడటం న్యాయం కాదని నేను భావిస్తున్నాను.

లినర్డ్ స్కినర్డ్ బృందం 1970ల నడిమి కాలం నుంచి వేదిక వెనుక కాన్ఫెడరేట్ జెండాను వేలాడదీసింది. బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి యుద్ధం చేసిన రాష్ట్రాల పతాకం అది. ఆ తర్వాత అనేక బృందాలు దానిని ఒక అలంకారంగా, తిరుగుబాటు గుర్తుగా వాడుకున్నాయి. పెరటి వేప గారు చెప్పిన మామా లూయీజ్ మనుమలు ఆ కచేరీకి వెళ్లి ఆ జెండాను చూస్తే ఏమనుకుంటారు? ఈ సంగీతానికి ప్రాణం పోసిన బ్లూస్, గాస్పెల్, సోల్ ఎవరివో వారినే గుమ్మం బయట నిలబెట్టిన జెండా అది. 2012లో రాసింగ్టన్ ఒక టీవీ ముఖాముఖిలో ఇక ఆ జెండా వాడబోమన్న అర్థంలో మాట్లాడారు. అభిమానులలో కొందరు మండిపడగా కొద్ది రోజులకే మాట మార్చారు. ఫ్లోరిడావాడే అయిన రాక్ గాయకుడు టామ్ పెట్టీ మాత్రం 1985 నాటి యాత్రలో ఆ జెండాను వాడినందుకు బహిరంగంగా విచారం తెలిపారు. 2015 జూన్‌లో చార్ల్‌స్టన్ చర్చిలో తొమ్మిది మంది నల్లజాతి భక్తుల హత్య జరిగిన తర్వాత గానీ మా పొరుగు రాష్ట్రం సౌత్ కరోలినా తన శాసనసభ ప్రాంగణం నుంచి ఆ జెండాను దించలేదు.

అయితే స్కినర్డ్ పాటలను మాత్రమే చూస్తే కథ ఇంత సూటిగా ఉండదని కూడా నేనే చెప్పాలి. బృందపు గాయకుడు రానీ వాన్ జాంట్ రాసినవాటిలో ఒకటి, ఊరు పట్టించుకోని ఒక వృద్ధ నల్లజాతి గిటారు విద్వాంసుడి మీద ఒక పిల్లవాడు పెంచుకున్న భక్తి. మరొకటి చవక తుపాకులను ఎత్తుకెళ్లి నీళ్లలో పారేయండని చెప్పే పాట. అందరికీ తెలిసిన ‘స్వీట్ హోమ్ అలబామా’ పాటను రాసిన ముగ్గురిలో ఒక్కరూ అలబామా వారు కారు. ఇద్దరిది జాక్సన్‌విల్, మూడవవాడు ఎడ్ కింగ్‌ది కాలిఫోర్నియా. అందులో, నల్లవారినీ తెల్లవారినీ వేరుగా ఉంచాలన్న నాటి అలబామా గవర్నరు ప్రస్తావన వచ్చిన చోట వెనుక నుంచి వినిపించే ‘బూ’ అన్న కేకలు మెచ్చుకోలా, ఎగతాళా అని యాభై ఏళ్లుగా జనం వాదించుకుంటూనే ఉన్నారు. నా మట్టుకు నేను, అంత సూక్ష్మమైన విషయాన్ని జెండా కింద నిలబడి చెబితే వినేవాడికి జెండా మాత్రమే కనబడుతుందని అంటాను.

కాబట్టి పునరుజ్జీవనం జరగాలంటే అది ఈ లెక్క తేల్చుకున్నవారి వల్లనే జరగాలి. 2001లో డ్రైవ్-బై ట్రక్కర్స్ అనే బృందం ఆ పని నిజాయితీగా చేసింది. స్కినర్డ్ కథను ఆధారంగా చేసుకుని రెండు డిస్కుల ఆల్బమ్ చేస్తూ, తాము పుట్టిన ప్రాంతం మీది ప్రేమనూ, దాని పాపాల పట్ల సిగ్గునూ పక్కపక్కనే పెట్టి పాడారు. దాని నాయకులలో ఒకడైన ప్యాటర్సన్ హుడ్, మజిల్ షోల్స్‌లో అనేకమంది సోల్ గాయకుల వెనుక బేస్ వాయించిన డేవిడ్ హుడ్ కుమారుడు. ఇంట్లోనే ఆ కథంతా విని పెరిగినవాడు కనుకనే అంత సూటిగా రాయగలిగాడు.

---

పెరటి వేప (ఆల్ఫరెట్టా, జార్జియా)

ఉత్తరపు గాలి గారితో నేను ఏకీభవిస్తున్నాను. ఒక్క వాస్తవం మాత్రం కలుపుతాను. మేకన్ శాఖ రాజకీయం వేరే దారిలో నడిచింది. 1972లో బేస్ గిటారు వాయించే బెరీ ఓక్లీ మరణించాక ఆ స్థానంలోకి వచ్చిన లమార్ విలియమ్స్ నల్లజాతీయుడు. 1975 నవంబరులో ఆల్మన్ బ్రదర్స్ ప్రావిడెన్స్ నగరంలో కచేరీ చేసి, అప్పటికి దేశంలో పెద్దగా ఎవరికీ తెలియని జార్జియా మాజీ గవర్నరు జిమ్మీ కార్టర్ ఎన్నికల నిధికి డబ్బు సమకూర్చారు. అధ్యక్ష పదవికి ఆయన చేసిన ప్రయాణంలో ఈ సంగీతకారుల పాత్ర తక్కువేమీ కాదు. కొత్త దక్షిణాది అన్న ఆశకు ఆ రోజుల్లో ఈ సంగీతం గొంతుగా నిలిచింది. జెండా పట్టుకున్నవారి గొంతు పెద్దది కావడం వల్ల ఈ భాగం మరుగున పడింది.

---

మూడో తీగ (విశాఖపట్నం)

గిటారు వాయించేవాడిగా నాకు ఈ చర్చలో చెప్పవలసింది స్లైడ్ గురించి.

డ్వేన్ ఆల్మన్ స్లైడ్ నేర్చుకున్నది జలుబు మాత్రల ఖాళీ గాజు సీసాతో. దానిని ఉంగరపు వేలికి తొడుక్కుని తీగలపై జరిపేవాడు. తీగలను ఎక్కువగా ‘ఓపెన్ ఈ’ శ్రుతిలో పెట్టుకునేవాడు. మన భాషలో చెప్పాలంటే మంద్రం వైపు నుంచి వరుసగా స, ప, స, గ, ప, స. ఏ తీగనూ నొక్కకుండా మీటితేనే ఒక నిండు స్వరమేళం పలుకుతుంది. అప్పుడు గాజు గొట్టం మెట్లకు కట్టుబడి ఉండనక్కరలేదు. గాంధారానికి కొంచెం కింద మొదలై, మెల్లగా పైకి జారి, స్వరాన్ని తాకి, అక్కడ నిలిచి వణుకుతుంది. గోటువాద్యం విన్నవారికి ఈ జారుడు కొత్త కాదు. గాలి వాద్యంలోనూ మనిషి గొంతులోనూ ఉండే పలుకు తీగ మీదికి వచ్చేది ఇక్కడే. ఫిల్‌మోర్ రికార్డులో మొదటి పాటను జార్జియాకు చెందిన అంధ గాయకుడు బ్లైండ్ విల్లీ మెక్‌టెల్ 1928లో రికార్డు చేశారు. దానిని డ్వేన్ ఎత్తుకున్న తీరు వింటే, మొదటి మీటుకే గిటారు గొంతు విప్పి పిలిచినట్లు ఉంటుంది.

డ్వేన్ 1971 అక్టోబరు 29న మోటారు సైకిల్ ప్రమాదంలో 24 ఏళ్లకే చనిపోయాడు. ఆ విద్య అక్కడితో ఆగిపోవలసింది. ఆగలేదు. బుచ్ ట్రక్స్ సోదరుడి కొడుకు అయిన డెరిక్ ట్రక్స్ 1979లో జాక్సన్‌విల్‌లో పుట్టి, బాల్యంలోనే స్లైడ్ పట్టి, 1999లో ఆల్మన్ బ్రదర్స్ బృందంలో అధికారికంగా చేరాడు. అతడు చేసిన పని ఏమిటంటే, డ్వేన్‌ను అనుకరించి ఆగిపోకుండా సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ సంగీతాన్ని ఏళ్ల తరబడి విని, కాలిఫోర్నియాలోని ఆయన సంగీత కళాశాలలో చదువుకోవడం. నుస్రత్ ఫతే అలీ ఖాన్ పాడిన కవ్వాలీలను స్లైడ్ మీద రికార్డు చేయడం కూడా. మీటడానికి బిళ్ల వాడడు, వేళ్లతోనే మీటుతాడు. ఒక స్వరం నుంచి మరొక స్వరానికి వెళ్లేటప్పుడు మధ్యలో ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో అతనికి తెలుసు. అది మన మీండ్ నుంచి, మన గమకం నుంచి నేర్చుకున్న తెలివి. ఒక తెలుగువాడిగా ఈ సంగీతానికి నేను ఎందుకు దగ్గరయ్యానని అడిగితే నా సమాధానం ఇదే.

2010లో అతడు భార్య సుసాన్ టెడెస్కీతో కలిసి కట్టిన బృందంలో పన్నెండు మంది వరకు ఉంటారు. ఇద్దరు డ్రమ్మర్లు, ఊదే వాద్యాలు, వెనుక పాడేవారు, అందులో నల్లవారూ తెల్లవారూ. వారి మొదటి ఆల్బమ్‌కు ఉత్తమ బ్లూస్ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. పునరుజ్జీవనం కోసం ఎదురు చూస్తున్నవారు వీరి కచేరీ ఒకటి విని తర్వాత మాట్లాడాలని నా మనవి.

---

రేడియో రాత్రులు (డాలస్, టెక్సాస్)

మూడో తీగ గారి మాటలు బాగున్నాయి. కానీ పండితుల మెప్పు వేరు, జనాదరణ వేరు. ఈ సంగీతం పుట్టింది విశ్వవిద్యాలయ సభాభవనాల కోసం కాదు. 1973 జులై 28న న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్ దగ్గర ఆల్మన్ బ్రదర్స్, గ్రేట్‌ఫుల్ డెడ్, ది బ్యాండ్ కలిసి వాయించిన రోజున దాదాపు ఆరు లక్షల మంది వచ్చారు. అదే ఏడాది బెట్స్ పాడిన దేశదిమ్మరి పాట బిల్‌బోర్డ్ పట్టికలో రెండవ స్థానానికి చేరింది. పునరుజ్జీవనం అన్నప్పుడు ఆ స్థాయి జనం మాట కూడా రావాలి.

ఆ కోణంలో చూస్తే నా అంచనా ఆశాజనకంగానే ఉంది. 1977 అక్టోబరు 20న మిసిసిపీలోని గిల్స్‌బర్గ్ దగ్గర ఇంధనం అయిపోయి స్కినర్డ్ విమానం కూలి రానీ వాన్ జాంట్, స్టీవ్ గేన్స్, కాసీ గేన్స్ సహా ఆరుగురు చనిపోయారు. రెండేళ్లకు కాప్రికార్న్ మూతపడింది. 1980లలో టీవీకి తగిన ముఖాలు, సింథసైజర్లు రాజ్యమేలాయి. అయినా ఈ సంగీతం ఎక్కడికీ పోలేదు, కంట్రీ సంగీతం ఇంట్లోకి వెళ్లి తలదాచుకుంది. ఇప్పుడు అక్కడి నుంచే బయటికి వస్తోంది. జార్జియాలోని సవానాలో పుట్టిన నిర్మాత డేవ్ కాబ్ చేతుల మీదుగా 2015లో వచ్చిన క్రిస్ స్టేపుల్టన్ మొదటి ఆల్బమ్ ఆ తలుపు తెరిచింది. మా టెక్సాస్‌లోని పాలస్టీన్ ఊరి నుంచి వచ్చిన విస్కీ మైయర్స్ పెద్ద కంపెనీల అండ లేకుండా, ఒక టీవీ ధారావాహికలో కనిపించాక దేశమంతటా తెలిసింది. అలబామాలోని మోబీల్ నుంచి వచ్చిన రెడ్ క్లే స్ట్రేస్ బృందం పాట ఒకటి చిన్న వీడియోల ద్వారా వ్యాపించి బిల్‌బోర్డ్ పాటల పట్టిక హాట్ 100లోకి ఎక్కింది. వీరి కచేరీల్లో నేను చూసిన జనంలో ఎక్కువ మంది ఇరవైల్లో ఉన్నవారే. వారెవరూ నాన్న రికార్డుల కోసం వచ్చినట్లు అనిపించలేదు.

---

రికార్డుల పెట్టె (విజయవాడ)

రేడియో రాత్రులు గారూ, మీరు పేర్కొన్న బృందాలను నేను కూడా ఇష్టంగానే వింటాను. అయినా ఒక్క చోట మీతో విభేదిస్తాను. వాటిలో చాలా వాటిలో గాయకుడు ముందు ఉంటాడు, బృందం వెనుక ఉంటుంది. మంచి గొంతు, మంచి మాటలు, నాలుగు నిమిషాల్లో ముగిసే నిర్మాణం. స్కినర్డ్ 1976 జులైలో అట్లాంటాలోని ఫాక్స్ థియేటర్‌లో రికార్డు చేసిన కచేరీ వినండి. కూల్చివేతకు గురి కాబోతున్న ఆ థియేటర్‌ను కాపాడే ప్రయత్నానికి ఆ కచేరీలు తోడ్పడ్డాయి. అందులో చివరి పాట పది నిమిషాలు దాటి సాగుతుంది. పాడటం ముగిశాక సగానికి పైగా మూడు గిటార్ల పరుగే. అది ఆశువుగా అనిపించినా, స్కినర్డ్ వాళ్లు తమ గిటారు భాగాలను ముందే కూర్చుకుని, ప్రతి రాత్రీ పొల్లు పోకుండా వాయించేవారు. ఎండాకాలంలో ఉడికిపోయే రేకుల గదిలో రోజంతా సాధన చేసి సంపాదించుకున్న క్రమశిక్షణ అది. ఆల్మన్ బ్రదర్స్ దారి ఇందుకు పూర్తిగా భిన్నం, వారికి ప్రతి రాత్రీ కొత్తదే. ఈ రెండు దారుల్లో ఏదైనా సరే, బృందమంతా ఏళ్ల తరబడి ఒకే కప్పు కింద గడిపితే తప్ప రాదు. ఈ రోజుల్లో అంత కాలం ఒక బృందాన్ని పోషించే కంపెనీ ఏది? నా బెంగ అక్కడ.

---

రేడియో రాత్రులు (డాలస్, టెక్సాస్)

కంపెనీ పోషించకపోవచ్చు, రోడ్డు పోషిస్తుంది. అట్లాంటా బృందం బ్లాక్‌బెరీ స్మోక్ 2000 నుంచి చిన్న హాళ్లలో వాయిస్తూ వాయిస్తూనే పెద్దదైంది. రికార్డుల మీద రాబడి తగ్గిన ఈ కాలంలో ఎక్కువ కచేరీలు చేయగల బృందాలే నిలబడుతున్నాయి, అది ఈ సంగీతానికి అనుకూలమైన సంగతి. మీ బెంగ నాకు అర్థమైంది గానీ, నేను ఏకీభవించను.

---

ఉత్తరపు గాలి (షార్లెట్, నార్త్ కరోలినా)

ఇద్దరూ ఒక పేరు మరిచారు. అలబామాలోని ఏథెన్స్ అనే చిన్న పట్టణంలో 2009లో మొదలైన అలబామా షేక్స్ బృందానికి ముందు నిలిచినది బ్రిటనీ హోవార్డ్ అనే నల్లజాతి యువతి. పాడటమే కాదు, గిటారు కూడా ఆమెదే. ఆ బృందం రెండవ ఆల్బమ్ 2015లో బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానంలో అడుగుపెట్టింది. దానిని సదరన్ రాక్ అనడానికి చాలామంది పత్రికలవారు వెనకాడి సోల్ అన్నారు. ఎందుకు వెనకాడారు? దక్షిణాదిలో పుట్టి, గిటార్లతో, డ్రమ్ములతో, చర్చి గానంతో, మజిల్ షోల్స్‌కు గంట దూరం లోపు ఊరి నుంచి వచ్చిన బృందాన్ని ఆ పేరుతో పిలవకపోతే మరి దేనిని పిలవాలి? మేకన్‌లో ఓటిస్ రెడ్డింగ్ మేనేజరు, ఓటిస్ డ్రమ్మరు కలిసి మొదలుపెట్టిన కథకు అసలైన కొనసాగింపు నాకు బ్రిటనీ హోవార్డ్ గొంతులో వినిపిస్తుంది. గెడ్డం, టోపీ ఉన్న తెల్ల మగవాళ్ల బృందాల్లో మాత్రమే వెతుకుతూ ఉంటే పునరుజ్జీవనం కళ్లెదుట జరిగినా గుర్తుపట్టలేము.

---

చందమామ నీడ (హనుమకొండ)

పెద్దల చర్చకు అడ్డు వస్తున్నందుకు మన్నించండి. డిగ్రీ చదువుతున్నాను. ఈ సంగీతంలో నేను విన్నవి సినిమాల్లో వచ్చిన రెండు పాటలే. దేనితో మొదలుపెట్టమంటారు? అంత పొడవైన పాటలు వినడానికి ఓపిక పట్టగలనా అన్నది కూడా నా అనుమానం.

---

మూడో తీగ (విశాఖపట్నం)

తమ్ముడూ, పొడవు గురించి భయపడవద్దు. ముందుగా బెట్స్ స్వరపరిచిన ‘జెస్సికా’ విను. మాటలే లేవు. బెట్స్ తన చిన్న కూతురు గదిలో తిరుగుతుంటే ఆ నడకను చూస్తూ కట్టిన బాణీ అది. ఏడున్నర నిమిషాలు గడిచినట్లే ఉండదు. ఆ తర్వాత స్పార్టన్‌బర్గ్‌కు చెందిన మార్షల్ టక్కర్ బ్యాండ్ తొలి ఆల్బమ్ విను. రాక్ బృందంలో వేణువు ఎలా ఇముడుతుందో తెలుస్తుంది. టాయ్ కాల్డ్‌వెల్ గిటారును బిళ్ల లేకుండా బొటనవేలితోనే మీటేవాడు, ఆ మెత్తదనం వేరు. ఈ రెండూ అలవాటయ్యాక ఫిల్‌మోర్ రికార్డు పెట్టు.

---

మణితాళం (తిరుపతి)

బాబూ, ఆ రికార్డు చివరి పాటకు వచ్చినప్పుడు తొడ మీద చేత్తో పదకొండు వేస్తూ విను. నాలుగు ఆవర్తాలు తప్పకుండా వేయగలిగితే మిగిలిన పాటకు ఓపిక దానంతట అదే వస్తుంది.

---

రికార్డుల పెట్టె (విజయవాడ)

చందమామ నీడ గారికి నా వైపు నుంచి మరొక సూచన. ఫోనులోని చిన్న స్పీకరులో వింటే రెండు గిటార్లు కలిసిపోయి ఒకటిగా వినిపిస్తాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఒక చెవిలో డ్వేన్‌ను, మరో చెవిలో బెట్స్‌ను వెతకండి. మొదటిసారి ఒకరిని, రెండవసారి మరొకరిని పట్టుకుని వినండి. మూడవసారి బేస్ ఒక్కటే. బెరీ ఓక్లీ ఎక్కడా ఊరికే తాళం పట్టి ఊరుకోడు, మూడవ గిటారులా నడుస్తూ ఉంటాడు. ఇంత విన్నాక టెడెస్కీ ట్రక్స్, అలబామా షేక్స్, రెడ్ క్లే స్ట్రేస్ ముగ్గురివీ తలా ఒక ప్రత్యక్ష కచేరీ రికార్డు విని, ఏ బృందంలో ఎవరు ఎవరిని వింటూ వాయిస్తున్నారో మీకు తోచింది ఇక్కడ రాయండి. ఉత్తరపు గాలి గారు, రేడియో రాత్రులు గారు, నేను ముగ్గురం దాని మీద మళ్లీ వాదించుకోవడానికి సిద్ధంగా ఉన్నాము.